నాడి పట్టి పాడిన జ్ఞానానందం మేస్టారు

మా బావ జ్ఞానానందం మేస్టారు గుడిలో పాట ఎత్తుకునే ముందు ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు ఆనించి కళ్లు మూసుకునేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన ప్రార్థన చేసుకుంటున్నాడనుకునేవారు. పాతవాళ్లకు తెలుసు, నాడి చూసుకుంటున్నాడని. నాడి ఒకసారి కొట్టుకుంటే తాళంలో ఒక దెబ్బ. ఆ దెబ్బ వేళ్లకు అందాక గొంతు విప్పేవాడు. వెనక చర్చికొచ్చిన సంఘమంతా అందుకునేది.

ఈ అలవాటు ఆయనకు బోర్డింగు స్కూల్లో పట్టింది. అక్కడ సంగీతం నేర్పే దొరసానమ్మ దగ్గర టిక్కుటిక్కుమని తాళం కొట్టే చెక్కపెట్టె ఉండేదట. అది చెడిపోయిన రోజున ఆవిడ పిల్లలతో, "దేవుడు మీ అందరికీ తలా ఒక పెట్టె ఇచ్చాడు, మణికట్టులో వెతుక్కోండి" అందట. మిగతా పిల్లలు నవ్వుకుని ఆటకు పోయారు. మా బావ వెతుక్కున్నాడు. దొరికింది. ఇక వదల్లేదు.

మేం రేపల్లెలో ఉండేవాళ్లం. ఆయన ఎలిమెంటరీ స్కూల్లో మూడో తరగతి మేస్టారు. బళ్లో మాట హెడ్మాస్టరుది, ఇంట్లో మాట మా అక్క దానమ్మది, వీధిలో మాట ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లది. ఆదివారం ఉదయం మా పేట గుడిలో మాత్రం జనమంతా ఆయన వేళ్ల వైపు చూస్తూ కూర్చునేవారు. ఆయనకు లోకంలో ఉన్న అధికారం అదొక్కటే. అది పోతే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుందో నేను అప్పట్లో ఆలోచించలేదు. తరవాత చూశాను.

ఎనభై ఎనిమిది చివర్లో, క్రిస్మస్ పాటలు నేర్చుకునే రోజుల్లో, పాట కాస్త వేగం అందుకుంది. చలికాలం కదా, అందరికీ ఇళ్లకు పోవాలనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోలేదు. జనవరి వచ్చేసరికి ముసలమ్మలు చరణం మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగితే, తేరుకునేలోపు చరణం దాటిపోయేది. కానుకల సంచులు పట్టుకుని వరసల మధ్య తిరిగే ఇద్దరూ, పాట ముగిసేలోగా చివరి వరస చేరాలని పరుగులాంటి నడక నేర్చుకున్నారు. ఒక పెళ్లిలో పెళ్లికూతురు ముసుగు ఒక చేత్తో, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని లోపలికి దాదాపు దూకుతూ వచ్చింది. పెళ్లికొడుకు భయపడి ఒకడుగు వెనక్కి వేశాడు.

పాస్టరు తోమాసు అయ్యగారికి ఇందులో వేరే సంగతి కనిపించింది. మా వీధి చివర డప్పులూ కంజీరలూ పెట్టుకుని ఒక కొత్త మందిరం వెలిసింది. మా కుర్రకారు ఒక్కొక్కరే అటు జారుకుంటున్నారు. ఇప్పుడు వాళ్లు తిరిగి రాసాగారు. "మన సంఘంలో ఉజ్జీవం మొదలైంది, చల్లారిన భక్తి మళ్లీ రాజుకుంది" అని అయ్యగారు ప్రసంగంలో చెప్పారు. మా బావ తల దించుకుని, లోలోపల పొంగిపోతూ విన్నాడు.

సంఘపెద్ద ఏసుపాదంగారు కాలవల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఆలోచన అంత పైకి పోలేదు. నిజాంపట్నం వైపు పోయే మధ్యాహ్నం బస్సు ఇంతకుముందు ఆరాధన ముగిసేలోపే వెళ్లిపోయేది. ఇప్పుడు ఆ వైపు ఊళ్లవాళ్లకు బస్సు దొరుకుతోంది. దొరుకుతోందని తెలిసి మరికొందరు రావడం మొదలుపెట్టారు.

"ఏం మేస్టారూ, పాట కాస్త దూకుడు మీదుందే" అన్నారు ఒకరోజు ఏసుపాదంగారు, గుడి అరుగు మీద.

"లేదండి. ఎప్పటి పాటే. నాడికి ఒక దెబ్బ."

"మరి అంత ముందుగా ఎలా అయిపోతోందండి ఆరాధన?"

"గడియారాలు నెమ్మదించాయండి."

ఆయన వేళాకోళానికి అనలేదు. నాడి మారదు, దేవుడు పెట్టింది. గడియారం మనిషి చేసింది. రెండూ కలవకపోతే తప్పు ఎవరిదో తేల్చడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. ఇంట్లో గోడగడియారం తలుపు తీసి లోలకం కింద మర తిప్పాడు. మర్నాడు మళ్లీ తిప్పాడు. ఆ గడియారం చూసుకుని బడికి పోతే గేటు తాళం తీసి ఉండేది కాదు. మా అక్క పొయ్యి వెలిగించేసరికి ఆయన కంచం ముందు కూర్చుని ఉండేవాడు. బజార్లో వాచీలు బాగుచేసే అతని దగ్గరికి పోయి, గోడకు తగిలించిన గడియారాలన్నిటి ముందూ మణికట్టు పట్టుకుని నిలబడి, "ఒక్కటీ సరిగ్గా లేదయ్యా నీ కొట్లో" అన్నాడు. "అవి బాగుచెయ్యడానికి వచ్చినవే కదండి మేస్టారూ" అన్నాడతను.

మా అక్కకు పాటా పట్టలేదు, గడియారమూ పట్టలేదు. ఆవిడకు కంచం కనిపించింది. ఇద్దరి అన్నం ఒక్కడే తింటున్నాడు. అంత తింటూ చొక్కాలో మనిషి తగ్గిపోతున్నాడు. అందరూ దుప్పట్లు కప్పుకునే రోజుల్లో ఫ్యాను వెయ్యమంటున్నాడు.

"ఒరే తమ్ముడూ, మీ బావకి ఏదో అయిందిరా" అంది నాతో.

"ఉజ్జీవం అంటున్నారు కదక్కా అయ్యగారు."

"ఉజ్జీవం వస్తే మెడ ఎముకలు బయటికొస్తాయేంట్రా?"

ఫిబ్రవరి మొదట్లో అచ్చమ్మగారనే పెద్దావిడ పోయింది. మా సమాధుల దొడ్డి కాలవగట్టు మీదుగా కాస్త దూరం. శవపెట్టె మోసేవాళ్లు పాటకు అడుగు కలుపుకుని నడుస్తారు. ఏళ్ల తరబడి వాళ్ల కాళ్లకు అది అలవాటు. మా బావ ముందు నడుస్తూ, మణికట్టు పట్టుకుని, పాట ఎత్తుకున్నాడు. నడక వల్ల నాడి పెరిగింది. నాడి వల్ల పాట పెరిగింది. పాట వల్ల పెట్టె మోసేవాళ్ల నడక పెరిగింది. వాళ్లు వెనకనుంచి మీదికొస్తుంటే మా బావ ఇంకాస్త వేగంగా నడిచాడు. నాడి మళ్లీ పెరిగింది. గట్టు సగం దాటేసరికి తోమాసు అయ్యగారు తెల్ల అంగీ మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని పరుగెడుతున్నారు. ఆడవాళ్లు ఎక్కడో వెనకబడిపోయారు. ఎదురుగా సైకిలు మీద వచ్చే ఒకాయన దిగి, టోపీ తీసి, "ఎవరన్నా తరుముతున్నారాండి?" అని అడిగాడు.

అచ్చమ్మగారి పెద్దకొడుకు పెట్టె ముందు కొమ్ము మోస్తున్నాడు. రొప్పుతూ అన్నాడు: "మేస్టారూ, మా అమ్మ బతికుండగా ఎప్పుడూ తొందరపడి ఎరగదు. కాస్త నెమ్మదిగా పోనివ్వండి."

దొడ్డిలో గొయ్యి ఇంకా సగమే తవ్వి ఉంది. తవ్వేవాళ్లు మమ్మల్ని చూసి హడలిపోయి పారలు పట్టుకున్నారు. మా బావ తవ్వి పోసిన మట్టి మీద కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి, చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గుండె కొట్టుకోవడం చొక్కా మీదనుంచి కనిపిస్తోంది. ఆయాసపడుతూ చేరుకున్న మా అక్క ఆయన ముందు నిలబడి మెల్లిగా అంది: "ఈ దారిన ఇంకో పెట్టె వెనక నేను నడవలేను. డాక్టరు దగ్గరికి పదండి."

డాక్టరు దాకా పోయేలోపు ఊరంతా వైద్యం చేసింది. రిటైరైన తెలుగు పండితులు వెంకటరాఘవయ్యగారు సరదాకి హోమియోపతి చూసేవారు. ఆయన మా బావను వరండాలో కూర్చోబెట్టి, ఏ పక్కకు తిరిగి పడుకుంటావు, ఉప్పు ఇష్టమా పులుపు ఇష్టమా, కలలో పాములొస్తాయా నీళ్లొస్తాయా అని అడిగారు.

"ఎవరి మీదన్నా కోపంగా ఉంటుందా నాయనా?"

"గడియారాల మీదండి."

ఆయన పుస్తకంలో చాలాసేపు వెతికారు. గడియారాలు దొరకలేదు. చక్కెర గోళీలు ఇచ్చి పంపారు.

టీ వల్ల అన్నారు, టీ మానేశాడు. ముక్కుపొడుం వల్ల అన్నారు, చాలా బాధపడి అదీ మానేశాడు. రక్తం లేక అన్నారు, టానిక్ తాగాడు. వేడి చేసిందన్నారు, సబ్జాగింజల నీళ్లు చెంబులకు చెంబులు తాగి బడిలో పాఠం మధ్యలో మాటిమాటికీ బయటికి పోయేవాడు. నిద్ర చాలక అన్నారు, పగలు కూడా పడుకున్నాడు. పడుకున్నా నాడి అలాగే పరుగెత్తేది. ఆ సంగతే నన్ను భయపెట్టింది. పనిచేస్తే గుండె పరుగెడుతుంది, ఎవరికైనా అంతే. పడుకున్న మనిషిలో అది ఎక్కడికి పరుగెడుతున్నట్టు?

ఏసుపాదంగారు నన్ను పక్కకు పిలిచారు. "మీ బావ ఎవరినన్నా చూసి…"

"ఎవరినండి?"

"నాకేం తెలుసయ్యా. ఆడమనిషిని తలుచుకుంటే గుండె దడ పుడుతుందంటారు కదా."

"ఆయనకి మా అక్కంటేనే దడండి."

"అది పాత దడ. ఇది కొత్తదిగా ఉంది."

ఆఖరికి తెనాలి తీసుకెళ్లాం. గుండె డాక్టరు ఛాతీ మీద తీగలు అంటించి కాగితం మీద గీతలు తీయించారు. తరవాత మణికట్టు పట్టుకుని తన చేతివాచీ చూస్తూ లెక్కపెట్టారు.

"నూట ఇరవై దాటింది. ఊరికే కూర్చున్న మనిషికి ఇంత ఉండకూడదు."

మా బావ ఎంతో మర్యాదగా, "మీ వాచీ ఒకసారి ఇస్తారాండి?" అన్నాడు. తీసుకుని, దాన్నీ తన మణికట్టునూ కాసేపు పక్కపక్కన పెట్టి చూసి తిరిగిచ్చాడు. "నెమ్మదిగా నడుస్తోందండి. తెనాలిలో కూడా ఇంతే అన్నమాట."

డాక్టరు మా అక్క వైపు తిరిగారు. "ఈయనకి మనసులో ఏదన్నా దిగులుందా అమ్మా?"

"నాకుందండి. ఈయన్ని చూసి."

గుండెలో లోపం కనిపించడం లేదని, దాన్ని పరుగెత్తించేది వేరే ఏదో ఉందని, దాన్ని వెతకాలంటే బాపట్లలో కనకదుర్గగారనే డాక్టరమ్మకు చూపించమని ఆయన చీటీ రాసిచ్చారు. ఆ వారమే చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళ్లాం. దారిపొడుగునా మా బావ కిటికీ రెక్క పూర్తిగా తీసి, మొహం గాలికి పెట్టి కూర్చున్నాడు. వేళ్లు మాత్రం మణికట్టు మీదే ఉన్నాయి.

కనకదుర్గగారు ఆయన్ని చేతులు ముందుకు చాచమని, చాచిన వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరిచారు. కిటికీలు మూసి ఉన్నాయి, అయినా కాగితం గాలి తగిలినట్టు వణికింది. ఒక గ్లాసు నీళ్లిచ్చి, గుక్కెడు మింగమని, మెడ వైపు చూశారు. వెనక నిలబడి మెడ ముందుభాగం వేళ్లతో తడిమారు. ఆకలి గురించి, చెమట గురించి అడిగారు. అన్నిటికీ మా అక్కే జవాబు చెప్పింది.

"నేను టీ మానేశానండి, పొడుం మానేశానండి" అన్నాడు మా బావ, నేరం ఒప్పుకుంటున్నవాడిలా.

"మంచిదే. మీ ఊరివాళ్లు చెప్పినవేవీ వట్టి మాటలు కాదు మేస్టారూ. టీ ఎక్కువైనా, పొడుం వల్లా నాడి పెరుగుతుంది. జ్వరం వచ్చినా, రక్తం తగ్గినా, ఒంట్లో నీళ్లు చాలకపోయినా, భయపడ్డా, నిద్రలేకపోయినా పెరుగుతుంది. ఆయాసానికి వాడే కొన్ని మందులకీ పెరుగుతుంది. గుండె జబ్బూ ఉండొచ్చు. మీకు అవేవీ కాకపోతే? బాగా తింటూ చిక్కిపోవడం, చలికాలంలో ఉక్క, ఈ వణుకు, ఇవన్నీ నాడితో కలిపి చూడాలి. మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. అది అతిగా పనిచేస్తే ఒళ్లంతా తొందరపడుతుంది. రక్తం గుంటూరు పంపించి చూస్తాను. నా అనుమానం అదే."

"అయితే నా నాడి తప్పాండి?"

"ప్రస్తుతానికి తప్పే."

"సరైన వేగం ఎంతండి?"

"పెద్దవాళ్లకి కూర్చున్నప్పుడు అరవై నుంచి వంద దాకా ఎంతైనా మామూలే."

మా బావ కుర్చీలో ముందుకు జరిగాడు. "అందరికీ ఒక్కటి కాదాండి?"

"మనిషికో వేగం. ఒక్క మనిషికే పూటకో వేగం."

తిరుగు బస్సులో నాతో అన్నాడు: "అరవైకీ వందకీ మధ్య ఎంత పాట ఉందో ఆవిడకి తెలియదురా. దొరసానమ్మ కూడా చెప్పలేదు. అంటే ఈ చలికాలమంతా నేను పాడించింది పాట కాదు, నా మెడలో జబ్బు. జనం అంతా లేచి నిలబడి నా జబ్బు పాడారు." నేను చాలా పుస్తకాలు చదివాను గాని, ఇలాంటి దుఃఖం ఉన్న మనిషి ఏ పుస్తకంలోనూ ఎదురుకాలేదు.

గుంటూరు నుంచి వచ్చిన రిపోర్టు డాక్టరమ్మ అనుమానాన్నే ఖాయం చేసింది. గ్రంథికి ఒక మాత్ర, గుండె వేగం తగ్గడానికి ఒక మాత్ర రాశారు. రెండోది వెంటనే పనిచేసింది. ఇంట్లో గడియారం ఒక్కసారిగా పరుగు అందుకున్నట్టు కనిపించి మా బావ మర వెనక్కి తిప్పాడు. చేతుల వణుకు తగ్గింది. గుడిలో పాట కూడా తగ్గింది. మామూలుకన్నా బాగా కిందికి దిగింది. ఈస్టరు రోజున సమాధిలోంచి లేచే పాట, లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు సాగింది. మూడో చరణంలో ఉండగా నిజాంపట్నం బస్సు హారను కొట్టి వెళ్లిపోవడం అందరికీ వినిపించింది. కుర్రకారు మళ్లీ డప్పుల వైపు జారుకున్నారు.

ఒక సాయంత్రం తోమాసు అయ్యగారూ ఏసుపాదంగారూ అరటిపళ్లతో వచ్చారు. కుశలమడిగారు. ప్రార్థన చేశారు. తరవాత గొంతు సవరించుకున్నారు.

"మేస్టారూ, మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం. అయితే ఆ మాత్ర రోజూ వేసుకోవాలంటారా?" అన్నారు అయ్యగారు.

"రోజూ అన్నారండి."

"విశ్రాంతి దినం అనేది అన్నిటికీ ఉంటుంది కదా. ఆదివారం ఒక్కరోజు…"

"ఉదయం పూట మాత్రమే" అన్నారు ఏసుపాదంగారు. "మధ్యాహ్నం వేసేసుకోవచ్చు."

వంటింట్లోంచి మా అక్క వచ్చి అరటిపళ్ల అత్తం ఎత్తి ఏసుపాదంగారి ఒళ్లో పెట్టింది. "మీ బస్సుకి నా మొగుణ్ని కట్టకండి బాబాయిగారూ."

వాళ్లు వెళ్లిపోయారు. కానీ మా బావ చెవిలో ఆ మాట ఉండిపోయింది. శుక్రవారం నుంచి మాత్రలు నోట్లో వేసుకున్నట్టే వేసుకుని పెరట్లో పారేశాడు. ఆదివారం మొదటి పాట ఎగిరి గంతేసింది. అయ్యగారి మొహం వెలిగింది. రెండో పాటలో మా బావ నోరు తెరిచాడు గాని శబ్దం రాలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని బలిపీఠం మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయన లేకుండా సంఘం ఆ వేగంతోనే చరణం చివరిదాకా పోయింది, ఆగడం ఎవరికీ చేతకాక.

బాపట్లలో కనకదుర్గగారు కోప్పడలేదు. అది ఇంకా భయంగా ఉంది. "మాత్రలు ఉన్నట్టుండి ఆపితే గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి తిరిగి దొరకదు. పాట కావాలా, మనిషి కావాలా, మీ సంఘాన్నే అడగండి" అన్నారు.

మా బావ ఎవర్నీ అడగలేదు. పాట మానేశాడు. మాత్రలు సరిగ్గా వేసుకున్నాడు, ఒళ్లు చేశాడు. గుడిలో ఆఖరి వరసలో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. వేళ్లు మణికట్టు మీదికి పోకుండా వాటి మీద తనే కూర్చున్నాడన్నమాట. బళ్లో హెడ్మాస్టరు మాట వినేవాడు, ఇంట్లో అక్క మాట వినేవాడు, ఆదివారం ఎవరూ ఏమీ చెప్పకపోతే ఎటు చూడాలో తెలియనట్టు ఉండేవాడు. అయ్యగారు ఆయన దగ్గరికి వచ్చి, తప్పు మాట్లాడానని ఒప్పుకుని, తిరిగి పాడమని బతిమాలారు. "నా దగ్గర తాళం లేదండి ఇప్పుడు. ఉన్నది మాత్రది" అన్నాడు.

ఆయన లేని పాట రెండు బళ్లు చెరో దారి పట్టినట్టుండేది. మగవాళ్లు ముగించి కూర్చున్నాక ఆడవాళ్ల వైపు ఇంకో పాదం మిగిలి ఉండేది. ఒక్కో ఆదివారం అయ్యగారు పాట నెంబరు చెప్పాక ఎవరు ఎత్తుకోవాలో తెలియక అందరూ పుస్తకాల్లోకి చూస్తుండేవారు.

అలాంటి ఒక ఆదివారం, ఆ మౌనంలో, మా అక్క ఆడవాళ్ల వైపునుంచి లేచింది. మధ్యదారి దాటింది. మా గుడిలో ఆ దారి పెళ్లిళ్లకు తప్ప ఎవరూ దాటరు. మగవాళ్ల వైపు ఆఖరి వరసకు వచ్చి, నన్ను జరగమని, మా బావ పక్కన కూర్చుని, గాజులు పైకి తోసి చెయ్యి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇక్కడికొచ్చావేంటే" అన్నాడాయన, పెదాలు కదపకుండా.

"నాకే జబ్బూ లేదు. పట్టుకోండి."

"అందరూ చూస్తున్నారు."

"చూస్తారు. పట్టుకోండి."

ఆయన తొడల కిందినుంచి చెయ్యి తీసి ఆవిడ మణికట్టు మీద వేళ్లు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. కనుబొమలు ఒక్కసారి పైకి లేచాయి. గుడంతా మెడలు తిప్పి చూస్తుంటే మా అక్క గుండె దడదడలాడిపోతోంది మరి. అయినా ఆయన తన అలవాటు తప్పలేదు. ఏ దెబ్బ అందితే ఆ దెబ్బకే పాట ఎత్తుకున్నాడు. పాట పరుగున బయల్దేరింది. ఏసుపాదంగారు ఆశగా తలెత్తారు.

రెండో చరణానికి జనం ఇటు చూడటం మాని పుస్తకాల్లో పడ్డారు. మా అక్క సిగ్గు మెల్లిగా దిగింది. దానితోపాటే నాడి, నాడితోపాటే పాట. పాట మధ్యలో వేగం మారడమనేది మా బావ జన్మలో ఒప్పుకోని విషయం. ఆ రోజు ఒప్పుకున్నాడు. పరుగు నడకలోకి దిగింది, నడక తీరిక నడకైంది. సంఘం ఒక్క అక్షరం తడబడకుండా ఆయన వెంట వచ్చింది. ముసలమ్మలు ఆఖరి పాదం దాకా అందుకున్నారు.

ఆ తరవాత మా అక్క చోటు మగవాళ్ల వైపే అయింది. అయ్యగారు అభ్యంతరం చెప్పలేదు. ఆవిడ ఇంట్లో ఎవరితోనన్నా పోట్లాడి వచ్చిన ఆదివారం ఆరాధన ముందుగా అయిపోయేది. ప్రసంగంలో కునుకు తీసిన ఆదివారం ముగింపు పాట బాగా ఆలస్యమయ్యేది. సంఘం ఆవిడ మొహం చూసి బస్సు దొరుకుతుందో లేదో తెలుసుకోవడం నేర్చుకుంది.

తొంభై ఒకటిలో బాపట్ల డాక్టరమ్మ మాత్రలు ఆపేశారు. గ్రంథి దారికొచ్చిందని, నాడి మామూలుగా ఉందని చెప్పారు. ఇక నీ మణికట్టు నీదే కదా బావా అన్నాను. ఆయన ఒకసారి పట్టుకుని చూసుకుని వదిలేశాడు. "నేను చూస్తున్నానని దానికి తెలిసిపోతోందిరా. మునుపటిలా అమాయకంగా లేదు" అన్నాడు.

ఆ ఆదివారం నేను గొడుగు మర్చిపోయి గుడికి తిరిగి వెళ్లాను. కిటికీ రెక్కలు సగం మూసేశారు. లోపల ఆఖరి వరసలో వాళ్లిద్దరే కూర్చుని ఉన్నారు. మా బావ కళ్లు మూసుకుని ఉన్నాడు, వేళ్లు మా అక్క మణికట్టు మీదున్నాయి.

"పాట ఎప్పుడో అయిపోయిందండి" అంటోంది మా అక్క. "చెయ్యి వదలండి, పొయ్యి మీద పప్పు పెట్టాలి."

"కూర్చోవే కాసేపు" అన్నాడాయన. "ఇప్పుడే కుదురుకుంటోంది."